డబ్బాలో లేని గుండు

చిచ్చా ఏ డబ్బానూ పైనుంచి తెరిచేవాడు కాదు. తుపాకి గుండ్ల డబ్బా బల్ల మీదికి రాగానే దాన్ని తలకిందులు చేసి, అడుగున కత్తి పెట్టి కోసేవాడు. మొదటిసారి చూసినప్పుడు పొరపాటున తిప్పాడనుకొని చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆయన నా చెయ్యి పక్కకు తోసి, "పైన ఉండేది అమ్మేటోని ముఖం. మనకు ముఖంతో పనేముండాది అబ్బీ" అన్నాడు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన పక్కన పనిచేశాను. టీ పొడి పొట్లం, మందుల అట్టపెట్టె, బిస్కెట్ల ప్యాకెట్టు, అన్నీ కిందినుంచే తెరిచాడు. మా రూములో సగం సామాన్లు తలకిందులుగా నిలబడి ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని సరిగ్గా పెట్టబోతే మేమే వద్దనేవాళ్ళం.

పోయిన ఆదివారం రాయచోటి నుంచి ఆయన పెద్దల్లుడు వాయిస్ మెసేజి పంపాడు. పద్దెనిమిది సెకన్లు ఉంది. మామ తెల్లవారి నమాజుకు లేచి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడనీ, సాయంత్రానికి మట్టి ఇచ్చేశామనీ, కువైట్‌లో తెలిసినవాళ్ళకు చెప్పమనీ. ముగ్గురికి చెప్పాను. నాలుగోవాడు ఎవరా అని చాలాసేపు ఆలోచించాను. ఆయన ఈ దేశంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఉన్నాడు.

పేరు రాయను. ఇక్కడ ఉండడానికి అనుమతిచ్చే ఇఖామా కార్డు మీద ఉన్న పేరుతో ఆయన్ని ఎవరూ పిలిచింది కూడా లేదు. నేను మొదట్లో మా రాజంపేట అలవాటు ప్రకారం మామా అన్నాను. ఆయన వద్దన్నాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో రుమైథియాలో ఒక ఇంట్లో చాయ్ పోసేవాడట. ఆ ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు యజమానురాలిని మామా అని పిలుస్తారు. "రోజుకు నూరుసార్లు ఆ పిలుపు వినీ వినీ, ఎవరన్నా మామా అంటే పక్కకు జరిగి దారిస్తా. వద్దు నాయనా, చిచ్చా అను" అన్నాడు. అట్లా చిచ్చా, అంటే చిన్నాన్న, అయ్యాడు. ఆ ఇంటాయనకు తుపాకి గురి అంటే ఇష్టం. గ్లాసు అంచుదాకా చాయ్ పోసి చుక్క ఒలకకుండా అందించే ఆ చెయ్యి చూసి, తను సభ్యుడిగా ఉన్న షూటింగ్ రేంజిలో తూకం పనికి పెట్టించాడు.

తూకం అంటే ఏం తూకమో చెప్పాలి. మా రేంజిలో రైఫిల్ సభ్యులు ప్రాక్టీసుకు కాల్చే తూటాలు చాలావరకు అక్కడే తయారవుతాయి. కాల్చేసిన ఇత్తడి గొట్టాలను ఏరి, శుభ్రం చేసి, మళ్ళీ నింపి, కొత్త గుండు బిగిస్తారు. ఆ పని లైసెన్సు ఉన్న మెకానిక్కులది. మా ఇద్దరి పని అంతకు ముందరిది. ఏ గుండ్లు కొనాలో తేల్చడం, వచ్చినవి అవేనా అని చూడడం. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ అంటే మన గురిగింజలో దాదాపు సగం. మేము కొనేది నూట అరవై ఎనిమిది గ్రెయిన్ల గుండు. ఇది కొద్దిగా అటూ ఇటూ అయితే దగ్గర్లో ఎవరికీ తెలియదు. మూడు వందల మీటర్ల దూరాన కాగితం మీద తెలుస్తుంది. అందుకని ఏటా వేసవిలో ఇద్దరు ముగ్గురు డీలర్లు నమూనా డబ్బాలు పంపుతారు. మేము తూచి, కాగితం రాసి, ఇద్దరమూ సంతకాలు పెట్టి ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, ఇస్తాము. ఆయన ఆ కాగితం చూసి సీజనుకంతా సరిపడా ఒకేసారి ఆర్డరు పెడతాడు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. రైల్వే కోడూరులో బొప్పాయి లారీల దగ్గర తూకం చీటీలు రాస్తూ లెక్క నేర్చుకున్నాను. కువైట్‌కు వచ్చాక ఫోనులో వీడియోలు చూసి కంప్యూటరులో పట్టికలు వేయడం నేర్చుకున్నాను. సగటు అంటే ఏమిటో, సగటు నుంచి ఎంత చెదిరిందో ఎట్లా కొలవాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాను. దాని మీద నాకు కొంచెం గర్వం ఉండేది. బళ్ళో చదివినవాళ్ళకు ఉండని రకం గర్వం అది.

చిచ్చా తూచే పద్ధతి వేరు. ముందు ఏసీ ఆపేసేవాడు. జూలైలో, కువైట్‌లో. ఏసీ గాలికి త్రాసు ముల్లు ఊగుతుందని. ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, లోపల నూరు లెక్కపెట్టుకొని, అప్పుడు మొదటి గుండును పట్టకారుతో పళ్ళెంలో పెట్టేవాడు. ఆ గదిలో బరువు అంకె తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. తలుపు తెరవకూడదు. పది నిమిషాలకు నా చొక్కా వీపుకు అంటుకుపోయేది. ఆయన నుదుటి మీద చెమట బొట్టు కిందికి జారుతుంటే, అది పళ్ళెంలో పడకుండా తల వెనక్కి వంచి, కళ్ళు మాత్రం కిందికి దించి చూసేవాడు. ముదీర్ ఒకసారి తలుపు తీసి, ఆ వేడికి రెండడుగులు వెనక్కి వేసి, మీరిద్దరూ బతికే ఉన్నారా అని అడిగాడు. చిచ్చా తల తిప్పకుండా తలుపు వైపు చెయ్యి చూపించాడు, మూసెయ్యమని. ముదీర్ మూసేశాడు. ఆ రేంజిలో ముదీర్ చేత తలుపు మూయించినవాడు ఇంకొకడు లేడు.

నాకు ఇచ్చిన మొదటి పాఠం ఇది. రెండు గుండ్లు నా రెండు అరచేతుల్లో పెట్టి ఏది బరువో చెప్పమన్నాడు. నేను కళ్ళు మూసుకొని, చేతులు పైకీ కిందికీ ఆడించి, కుడిది అన్నాను. మళ్ళీ మార్చి ఇచ్చాడు. ఎడమది అన్నాను. ఆరుసార్లలో నాలుగుసార్లు సరిగ్గా చెప్పాను, సంతోషపడ్డాను. మరి నీకెన్ని వస్తాయి చిచ్చా అని అడిగాను. "నాకు తెలీదు. ఎవురి చేతికీ తెలీదు. నా చేతికి తెలుస్తాదిలే అనుకున్నోడు ఈ పనికి పనికిరాడు" అన్నాడు. అన్నేళ్ళు తూకం వేసిన మనిషి ఏ వస్తువునూ చేత్తో ఎత్తి బరువు చెప్పగా నేను వినలేదు. కూరగాయలు కొన్నా త్రాసు ముల్లు వైపే చూసేవాడు.

ఇంకో నియమం ఉండేది. తూచేదాకా ధర అడగడు. అది ప్రొద్దుటూరు నుంచి తెచ్చుకున్న నియమం. కుర్రతనంలో అక్కడ బంగారు కొట్లో తూకం దగ్గర కూర్చునేవాడట. తూకమేసేవాడు ధర వింటే కన్ను ఒకవైపు లాగుతుందని అక్కడి పెద్దలు నేర్పారు. డీలర్ల కొటేషన్ వస్తే, అంకెలున్న చోట ఒక అట్టముక్క కప్పి దారం కట్టి నా సొరుగులో పెట్టించేవాడు. తూకం ముగిసి, కాగితం మీద సంతకం పడ్డాక కూడా ఆ దారం విప్పమని అడిగేవాడు కాదు. అది నీ పని, నాది కాదు అన్నట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. డీలరు మనుషులు ఆయనతో మాట్లాడడానికి ఇబ్బంది పడేవాళ్ళు. ఒకతను ఖర్జూరాల పెట్టె తెచ్చిచ్చాడు. చిచ్చా దాన్ని తలకిందులు చేసి, అడుగునుంచి ఒకటి తీసి తిని, "కింద కూడా బాగుండాయే. మీ గుండ్లు కూడా ఇట్లే ఉంటే బాగుండు" అన్నాడు. తర్జుమా చేయవలసింది నేను. నేను షుక్రన్, థాంక్స్, అని మాత్రమే చెప్పాను.

శుక్రవారాలు ఇద్దరమూ హవల్లీ బజారుకు వెళ్ళేవాళ్ళం. పాత ల్యాప్‌టాప్ కొన్న రోజు గుర్తుంది. కొట్టువాడు ముందర పెట్టినదాన్ని చూపించాడు. చిచ్చా దాన్ని వేలితో కూడా తాకలేదు. వెనక అరలో దుమ్ము పట్టినవి ఉన్నాయి కదా, వాటిలో మధ్యది తియ్యమన్నాడు. అది తెరిస్తే ఒక మీట లేదు. కొట్టువాడు నవ్వాడు. చిచ్చా, అయితే ముందరదానికి ఏం లేదో అదీ చూపించమన్నాడు. అరగంట బేరం తర్వాత చివరికి ముందర పెట్టినదే కొన్నాను. అందులో ఏ లోపమూ రాలేదు. ఈ మాట అప్పుడప్పుడూ ఎత్తి ఆయన్ను ఆటపట్టించేవాణ్ణి. "ఒక్కొక్కసారి అమ్మేటోడు కూడా నిజం చెప్తాడు. దానికేం చేస్తాం" అనేవాడు.

ఆ ల్యాప్‌టాప్‌తోనే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది. అంతకుముందు ఆయన తూచి చెబుతుంటే నేను పుస్తకంలో రాసేవాణ్ణి. ల్యాప్‌టాప్ వచ్చాక ముదీర్‌ను అడిగి ఒక ఎలక్ట్రానిక్ త్రాసు తెప్పించుకున్నాను. గుండు పెడితే అంకె వస్తుంది. అంకెను పట్టికలో కొడితే సగటు, చెదురు, అన్నీ వాటంతటవే పడతాయి. ఆయన మధ్యాహ్నం దాకా చేసే పని నేను గంటలో చేసేవాణ్ణి. చిచ్చా నా త్రాసు దగ్గరికి వచ్చి, తన పాత బరువుల పెట్టెలోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి దాని మీద పెట్టి, అంకె చూసి, సరిగ్గానే ఉందని తల ఊపి వెళ్ళిపోయేవాడు. రోజూ ఉదయం అది చేసేవాడు.

ముదీర్ అన్నీ గమనిస్తూ ఉన్నాడు. చిచ్చాకు అరవై దాటింది. అరవై దాటినవాళ్ళ ఇఖామా రెన్యువల్‌కు ఖర్చు ఎక్కువ, తిరుగుడు ఎక్కువ. ఆ వేసవిలో ముదీర్ నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచి, తూకం గదికి ఇద్దరెందుకని అడిగాడు. "నఫర్ వాహిద్, కాఫీ" అన్నాడు. ఒక మనిషి చాలు. నమూనాల కాగితం వచ్చాక తేలుస్తానన్నాడు. నేను బయటికి వచ్చాను. చిచ్చా బయట బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. అడగలేదు. ఆయనకు తెలుసని నాకు అర్థమైంది. ఆయన చిన్నబిడ్డ కడపలో నర్సింగు చదువుతోంది. ఇంకొక్క సంవత్సరం ఉంది. ఆ సంవత్సరం గడిచేదాకా ఇక్కడ ఉండాలన్నది ఒక్కటే ఆయన కోరిక. కోరిక అని ఎప్పుడూ అనలేదు. "ఇంకో ఏడాది, అంతే" అనేవాడు. ఎవరు ఎప్పుడు వెళ్తావని అడిగినా అదే జవాబు.

ఆ ఏడాది రెండు నమూనాలు వచ్చాయి. ఒక్కొక్క డబ్బాలోంచి నూరేసి గుండ్లు తీసి నా త్రాసు మీద తూచాను. చిచ్చా ఊళ్ళో లేడు, అహ్మదిలో ఒక బంధువును చూడడానికి వెళ్ళాడు. మొదటి దాని సగటు నూట అరవై ఎనిమిది పైన రెండు పదోవంతులు. రెండో దాని సగటు సరిగ్గా నూట అరవై ఎనిమిది, చుక్క తర్వాత సున్నా. ఆ సున్నా చూసి నాకు చాలా తృప్తి కలిగింది. చెదురు కొంచెం ఎక్కువే ఉంది కానీ డబ్బా మీద కంపెనీవాళ్ళు రాసుకున్న హద్దులోనే ఉంది. అట్టముక్క దారం విప్పి చూస్తే రెండోది చవక కూడా. ఇంకేం కావాలి? ఆగలేక ముదీర్‌కు ఫోను చేసి చెప్పేశాను. ఆయన శాబాష్ అన్నాడు. నన్నెవరూ శాబాష్ అని చాలాకాలమైంది.

మర్నాడు చిచ్చా రెండో నమూనాలోని అవే నూరు గుండ్లను తన త్రాసు మీద ఒక్కొక్కటే తూచాడు. నేను ఏసీ లేని ఆ గదిలో కూర్చోలేక బయట ఉన్నాను. పిలిస్తే లోపలికి వెళ్ళాను. పచ్చ గుడ్డ మీద రెండు కుప్పలున్నాయి. ఎడమవైపు యాభై ఒకటి, కుడివైపు నలభై తొమ్మిది. మధ్యలో గుడ్డ ఖాళీగా ఉంది.

ఎడమవైపువి అన్నీ నూట అరవై ఏడున్నరకు కాస్త పైన. కుడివైపువి అన్నీ నూట అరవై ఎనిమిదిన్నరకు కాస్త కింద. ఏ కుప్పకు ఆ కుప్ప కవలపిల్లల్లాగా ఉంది. ఒక్కొక్క కుప్పలోంచి ఒకటి తీసి పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. మొనల వంపులో వెంట్రుకవాసి తేడా. రెండు అచ్చుల్లో పోసిన సరుకును ఒకే డబ్బాలో కలిపారు.

"నీ లెక్కలో వచ్చిన గుండు చూపియ్యి" అన్నాడు. "నూట అరవై ఎనిమిది. నూటిలో ఒక్కటి చూపియ్యి."

నేను మధ్యలో ఉన్న ఖాళీ గుడ్డను చూస్తూ నిలబడ్డాను.

"లేదు గదా. లేనిదానికి సంతకం ఎట్ల పెడతావబ్బీ?"

లెక్క తెలిసినవాడికి అది చెంపదెబ్బ. అంకెలన్నీ నా పట్టికలోనే ఉన్నాయి. వరసగా పేర్చి చూసి ఉంటే నాకూ కనబడేవి. నేను చివరి గడి మాత్రమే చూశాను. అయినా పైకి ఏమన్నానంటే, కంపెనీ రాసిన హద్దులోనే ఉన్నాయి కదా చిచ్చా అన్నాను. ఆయన గుండ్లను రెండు వేరువేరు గిన్నెల్లోకి ఎత్తాడు. ఏసీ వేశాడు. చల్లగాలి తగిలాక, నేను ఏడేళ్ళలో ఎప్పుడూ వినని మాట అడిగాడు.

"రేటెంత?"

చెప్పాను. ఇంకోదాని రేటూ అడిగాడు. అదీ చెప్పాను. కాసేపు నేల చూస్తూ ఉన్నాడు. ఆయన లెక్క వేస్తున్నాడు. తూకం మనిషి ధర అడిగాడంటే ఎంత అవసరం మీద అడిగాడో నాకు అప్పుడే తెలిసింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"చవకదే కొనుక్కోండి" అన్నాడు. "చెడ్డ సరుకేం కాదు. దేనికది మంచిదే, కలిపినందుకే చెడింది. ఏరితే సరిపోతాది. మొత్తం ముప్పై వేలు గదా? దినానికి నూటిరవై ఏరినా, పండగలూ సెలవులూ పోను ఏడాది పడతాది. ఆ ఏడాది నేను ఏరుతా. నువ్వు కాగితంలో ఒక ముక్క రాయి. రెండు రకాలు కలిసిండాయి, ఏరేదానికి మనిషి కావాల అని రాయి. చాలు. వాళ్ళకు రేటు కలిసొస్తాది, నాకు ఏడాది కలిసొస్తాది."

"రాస్తా చిచ్చా" అన్నాను.

రాద్దామనే అనుకున్నాను. ఆ రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను కూడా. రెండు రకాలు కలిశాయని రాయాలంటే, నిన్న ఫోనులో చెప్పింది తప్పని రాయాలి. నా త్రాసు, నా పట్టిక, నా సున్నా, అన్నీ కలిసి చూడలేనిదాన్ని ఆ ముసలాయన గుడ్డముక్క మీద చూశాడని రాయాలి. ఒక మనిషి చాలన్న ముదీర్‌కు, ఆ ఒక్క మనిషి ఎవరో నేనే చెప్పినట్టవుతుంది. నా ఇఖామాకూ నాలుగు నెలల గడువే ఉంది. సగటు రాశాను. చెదురు రాశాను. హద్దులోనే ఉందని రాశాను. సంతకం పెట్టి, రెండో సంతకం చోటు ఖాళీగా ఉంచి పంపాను. చిచ్చా తను చూసినదానికే సంతకం పెడతాడు. ఈ కాగితం ఆయనకు చూపించలేదు.

ముదీర్ ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి, ముసలాయన సంతకం ఏదని అడిగాడు.

"ఆయనకు కొంచెం టైం పడుతుంది సార్. వయసైంది కదా" అన్నాను.

నేను అన్నది అంతే. సగటు ఎంత నిజమో ఆ మాట కూడా అంతే నిజం. ముదీర్ ఖలాస్, ఇక అయిపోయింది అని కాగితం మీద తన సంతకం పెట్టాడు. రెండు వారాల తర్వాత చిచ్చాకు రెన్యువల్ లేదని తెలిసింది.

ఆయన ఒక్కసారి మాత్రం అడిగాడు. "కాగితంలో రాసినావా?" నేను, రాశాను, వాళ్ళు చూసినట్టు లేదు అన్నాను. ఇది మాత్రం అబద్ధం. ఆయన నమ్మాడో లేదో తెలియదు. నా ముఖం వైపు చూడలేదు. చివరి రోజు బరువుల పెట్టెలోని ఇత్తడి బిళ్ళలన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పెద్దది మొదలు చిన్నదాకా వరసగా నాకు అప్పజెప్పి, అన్నీ అందాయని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఎయిర్‌పోర్టుకు రేంజి వ్యాను పంపారు. నేనూ వెళ్ళాను. దారిలో ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. ఊళ్ళో ఉన్న మా అమ్మాయి పెళ్ళిచూపులు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. దిగేటప్పుడు సామాను ముప్ఫై కిలోలు దాటుతుందేమో అన్నాను. త్రాసు మీద పెడితే తెలుస్తుందిలే అని లోపలికి వెళ్ళిపోయాడు.

చలికాలం సీజను మొదలైంది. రెండో నెలలోనే సభ్యులు టార్గెట్ కాగితాలు తెచ్చి ముదీర్ బల్ల మీద వేశారు. ప్రతి కాగితం మీదా రంధ్రాలు రెండు గుంపులుగా ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. మధ్యలో కాగితం తెల్లగా ఉంది. మెకానిక్కులు తమ తప్పు లేదన్నారు. తుపాకుల తప్పు లేదని తేలింది. ముదీర్ నన్ను పిలిచాడు. గుండ్లలో రెండు రకాలు కలిసిపోయాయి సార్, ఏరాలి అన్నాను, అప్పుడే కనిపెట్టినట్టు. ఎవరు ఏరుతారని అడిగాడు. రాయచోటిలో ఒక మనిషి ఉన్నాడని చెప్పడానికి అది సరైన సమయం. చిచ్చా వెళ్ళి అప్పటికి అయిదు నెలలే. విజిట్ వీసా మీదో, ఇంకో దారినో పిలిపించగల చెయ్యి ముదీర్‌ది.

"నేను చేస్తాను సార్" అన్నాను.

అప్పటినుంచీ చేస్తున్నాను. నా త్రాసు అంకెలు గాలికి ఊగుతున్నాయని ఏసీ ఆపుతున్నాను. ఆఫీసు పని కూడా నాదే కాబట్టి దినానికి వంద దాటదు. ఎడమ గిన్నెలోవి వేరే డబ్బాకు, కుడి గిన్నెలోవి వేరే డబ్బాకు. ఏరినవి ఏరినట్టు కాలుస్తున్నారు. కాగితాల మీద రంధ్రాలు ఒకే గుంపుగా పడుతున్నాయి. ముదీర్ ఈ డీలరు సరుకు చవకలో చాలా మంచిదని అందరికీ చెబుతాడు. నిజంగానే మంచిది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కళ్ళద్దాల నంబరు రెండుసార్లు మారింది.

మెసేజి వచ్చిన మూడో రోజు, పోయినవాళ్ళ కోసం ఇంట్లో ఫాతెహా చదివే వేళ దాటాక, రాయచోటికి ఫోను చేశాను. అల్లుడు రెండు మాటలు మాట్లాడి, ఇంట్లో అందరూ ఉన్నారు అన్నా, చిన్నబిడ్డ మాట్లాడాలంటోంది అని ఫోను ఇచ్చాడు. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు. గొంతు గట్టిగా, నిదానంగా ఉంది. ఏడ్చి అలిసిపోయిన గొంతు. చదువు అయిపోయిందా అమ్మా అని అడిగాను. "ఆఖరు ఏడాది నిలిపేసినా అన్నా. ఇప్పుడు ఈడనే మందులషాపులో ఉండా" అంది. మళ్ళీ ఆమే అందుకుంది.

"మా నాయన మీ గురించి చెప్తాండె. ఏందో రెండు రకాలు కలిసిపోయిండాయంట, ఏరేది ఏడాది పని ఉండాదంట. కాగితంలో రాయమని మీకు చెప్పొచ్చినాడంట. వాళ్ళకు ఈరోజు కాకపోతే రేపన్నా తెలుస్తాది, పిలుస్తారు అని ఫోను పక్కన పెట్టుకోనే పండుకుంటాండె. ఆ పని రాలేదా అన్నా?"

"వచ్చిందమ్మా."

"మరి ఎవురు చేసినారు?"

వెనక గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లలను పక్కకు జరగమంటున్నారు.

"నేనే చేస్తున్నానమ్మా" అన్నాను.

లైను తెగిందేమో అని ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. సెకన్లు కదులుతూనే ఉన్నాయి. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"సరే అన్నా" అంది. "జనాలను అన్నానికి కూర్చోబెడతాండారు. ఉంటా."